నాలుగు వేళ్ళ తేడా

నా ఎడమ అడుగు కుడి అడుగు కంటే నాలుగు వేళ్ళు పొట్టి అని నాకు పంతొమ్మిదో ఏట తెలిసింది. అప్పటిదాకా ఆ రెండు అడుగులూ పేచీ లేకుండా బతికాయి. ఆడపిల్లల రెండు వందల మీటర్లలో వరసగా రెండేళ్ళు జిల్లా మొదటి బహుమతి తెచ్చిపెట్టింది కూడా అవే.

మాది నిడదవోలు. అప్పటికది పశ్చిమ గోదావరి జిల్లా. తర్వాత జిల్లాలు విడగొట్టినప్పుడు మేం ఇంట్లోంచి కదలకుండానే తూర్పు గోదావరికి వెళ్ళిపోయాం. నా జీవితంలో చెమట పట్టకుండా దాటిన దూరం అదొక్కటే. నాన్న మండలాఫీసులో గుమాస్తా, మా లూథరన్ చర్చిలో సంఘ పెద్ద. అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను.

నాకు పరుగు నేర్పింది రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన సామగ్రి అంతా ఒక స్టాప్‌వాచ్, ఒక తువ్వాలు. నేను పరిగెడుతుంటే ఆయన ఒక్కోసారి గ్రౌండు చివర గోడవైపు తిరిగి నిలబడేవారు. అడుగుల చప్పుడు విని తప్పులు చెప్పేవారు.

"నీది ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుందమ్మా. చూడక్కర్లేదు, నువ్వేనని తెలిసిపోద్ది" అనేవారు.

ఎనిమిదో తరగతిలో కాలవ గట్టు మీంచి సైకిల్‌తో సహా జారిపడితే నా ఎడమ చీలమండ మెలిపడింది. అప్పట్నుంచే అడుగు అలా పడుతోందని ఆయన అనుమానం. అనుమానం ఉంది గానీ, దాన్ని సరిచేద్దామన్న ఆలోచన ఆయనకి ఎప్పుడూ రాలేదు. పిల్ల గెలుస్తోంది, నొప్పి లేదంటోంది. అంతకు మించిన శాస్త్రం ఆయన చదువుకోలేదు.

ఆ ఏడాది జిల్లా పోటీలు భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండులో జరిగాయి. నేను రెండు వందల మీటర్లు గెలిచి, స్పైకులు విప్పుకుంటూ కూర్చున్నాను. మెడలో కమిటీ బ్యాడ్జీ వేసుకున్న ఒక ప్రొఫెసర్ గారు ఫోను పట్టుకుని మా దగ్గరికొచ్చారు. మెకానికల్ డిపార్ట్‌మెంట్ ఆయనది. నా పరుగుని స్లో మోషన్‌లో తీశారట.

"ఏమ్మా, నీకు ఒక కాలు పొట్టా?" అన్నారు.

"లేదండి."

"అయితే అడుగు పొట్టి. ఎడమది. ఇదిగో చూడు."

చూశాను. స్లో మోషన్‌లో నా మొహం అంత ఘోరంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలీదు. కాళ్ళ మీదికి దృష్టి పోలేదు.

మాస్టారు పక్కనుంచి, "పిల్ల గెలిచిందండి" అన్నారు, ఆ పెద్దమనిషి పొరపాటున ఓడినవాళ్ళ దగ్గరికి వచ్చారేమోనని.

"గెలుపు వేరండి, బ్యాలెన్సు వేరు" అన్నారు ప్రొఫెసర్ గారు. "రొయ్యల చెరువులో ఏరేటర్లు చూశారా? రెండు వైపులా చక్రాలు సమానంగా నీళ్ళు కొట్టాలి. ఒక వైపు తేడా వచ్చిందనుకోండి, ముందు బాగానే తిరుగుద్ది. తర్వాత అదురుద్ది. ఆ తర్వాత ఒక రోజు షాఫ్టు ఠప్పున విరుగుద్ది. ఈ అమ్మాయికీ అంతే. రెండేళ్ళలో తొడ పట్టేస్తుంది."

ఆయన చుట్టుపక్కల చెరువులన్నిటిలోనూ ఏరేటర్ల అదురు మీద పరిశోధన చేసిన మనిషి. ఏరేటర్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదని తర్వాత నేను కూడా విన్నాను. ఆడపిల్లల తొడల గురించి ఆయన అంతకు ముందు పరిశోధించలేదు. కానీ ఆ సంగతి ఆ రోజు మాకు తట్టలేదు. భయం అలాంటిది. నాకు తొడ వెనక అప్పుడే ఏదో లాగినట్టనిపించింది.

తర్వాతి వారం నాన్న నన్ను భీమవరం తీసుకెళ్ళారు. నాన్నకి డాక్టరేట్ ఉన్నవాళ్ళంటే గొప్ప గౌరవం. వాళ్ళ ముందు కుర్చీలో సగం మీదే కూర్చుంటారు. ల్యాబులో నా రెండు చీలమండలకీ సెన్సర్లు కట్టారు. ఫైనలియర్ విద్యార్థులు నలుగురు చుట్టూ నిలబడ్డారు. నేను వాళ్ళ ప్రాజెక్టునని అప్పుడు తెలిసింది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తాను. కంప్యూటర్ తెర మీద ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత వచ్చాయి. రెండూ ఒక దాని మీద ఒకటి పడాలట. నావి ఒకే ఇంట్లో ఉన్న అత్తాకోడళ్ళలా ఎవరి దారిన వాళ్ళు పోతున్నాయి.

ప్రొఫెసర్ గారు బల్ల మీద నాలుగు వేళ్ళు ఆనించి, "తేడా ఇంత" అన్నారు. "ఎడమ అడుగు కూడా కుడి అంత వేస్తే గాయం భయం పోతుంది. పైగా రెండు అడుగులకోసారి నాలుగు వేళ్ళు కలిసొస్తుంది. రెండొందల మీటర్లకి ఎంతవుద్దో మీరే లెక్కేసుకోండి."

రైల్లో తిరిగొస్తూ నాన్న చర్చి కరపత్రం వెనక లెక్కేశారు. ఆ లెక్క ప్రకారం నేను దేశంలో అందర్నీ దాటేసి, ఇంకొంచెం ఊపిరి బిగబడితే ఖండం కూడా దాటేస్తాను. నాన్న రెండోసారి కూడా లెక్కేసి, కరపత్రం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం ఆరాధనలో నాన్న లేచి, మా అమ్మాయి అడుగు విషయమై ప్రార్థన చేయమని సంఘాన్ని కోరారు. అడుగు అని స్పష్టంగానే అన్నారు. కానీ వెనక బల్లల దాకా వెళ్ళేసరికి అది కాలు అయింది. బయట చెప్పులు వేసుకునేసరికి నాలుగు వేళ్ళు జానెడు అయింది. సోమవారం పొద్దున కూరగాయలావిడ నా కాళ్ళకేసి చూసి, అమ్మకి వంకాయలు రెండు ఎక్కువేసింది. బుధవారం ఒక విలేకరి వచ్చి ఫొటో తీసుకెళ్ళాడు. మర్నాడు జిల్లా పేజీలో "పొట్టి కాలితో పరుగుల పంట" అని వేశారు. మా టైలరు గారు మంచి మనసున్న మనిషి. కొత్త చుడీదార్ కొలతలు తీసుకుంటూ గొంతు తగ్గించి, "ఎడమ వైపు ఎంత తగ్గించమంటారమ్మా?" అని అడిగారు.

అదే నెలలో ఒక సంబంధం వచ్చింది. నాకింకా చదువే అవలేదు, అయినా ఊరకే చూసిపోతామన్నారు. అబ్బాయి మేనత్త సోఫాలో కూర్చుని, "అమ్మా, కాసిని మంచినీళ్ళు తెస్తావా?" అంది. తెచ్చాను. "ఒక చెంచా కూడా తేమ్మా." తెచ్చాను. "తలుపు కొంచెం వేసి రా తల్లీ." వేసి వచ్చాను. నాలుగోసారి నన్ను కిటికీ దగ్గరికి పంపబోతుంటే అమ్మకి విషయం అర్థమైంది.

"కాళ్ళు రెండూ సమానమేనండి. అడుగు మాత్రమే తేడా. అది కూడా పరిగెత్తినప్పుడే" అంది అమ్మ.

"పెళ్ళయ్యాక ఇంకెక్కడికి పరిగెడుతుందిలెండి" అని మేనత్త అభయమిచ్చింది. వెళ్ళి కబురు చేస్తామన్నారు. చేయలేదు. ప్రొఫెసర్ గారి పరిశోధన వల్ల నాకు జరిగిన మొదటి మేలు అది.

శిక్షణ మొదలైంది. ప్రొఫెసర్ గారి విద్యార్థులు మా గ్రౌండులో సున్నంతో అడ్డగీతలు వేశారు, అన్నీ ఒకే దూరంలో. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఫోన్లోంచి టిక్ టిక్ అని వస్తుంది. టిక్ అన్నప్పుడల్లా ఒక గీత మీద అడుగు పడాలి. వారానికి ఏడు రోజులూ చేయాలన్నారు. ఆదివారం చర్చి ఉందంటే, ఆరాధనకి ముందు చేయమన్నారు.

మాస్టారు మొదటి రోజు తువ్వాలు భుజాన వేసుకుని చాలాసేపు చూశారు.

"ఈ పిల్ల పరిగెడుతోందా, తాడు పట్టి నాట్లు వేస్తోందా?" అని విద్యార్థుల్ని అడిగారు.

వాళ్ళు పట్నం పిల్లలు. నాట్లు వరస తప్పకుండా పొలంలో తాడు కడతారని వాళ్ళకి తెలీదు. "సార్ చెప్పారండి" అన్నారు.

మాస్టారు రోజూ వచ్చేవారు, స్టాప్‌వాచ్ నొక్కేవారు, అంకె నాకు చూపించి వెళ్ళిపోయేవారు. ఆ అంకె వారం వారం పెరుగుతోంది. పరుగులో అంకె పెరగడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

నెలకోసారి ల్యాబుకి వెళ్ళేదాన్ని. మూడో నెలలో ఎర్ర గీత మీద నీలం గీత అచ్చంగా పడింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ప్రొఫెసర్ గారి కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి. ఆయన మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదంటే కారణం ఆ నీళ్ళే.

"సార్, టైము తగ్గట్లేదండి. పెరుగుతోంది" అన్నాను.

"టైము నా పరిధిలోకి రాదమ్మా."

"ఇంకోటండి. తిన్నగా ఉన్నచోట గీతల మీద వేయగలుగుతున్నాను. రెండొందల మీటర్లలో సగం వంపు ఉంటుంది సార్. ట్రాకు ఎడమ వైపు తిరుగుతుంది. అక్కడ రెండు కాళ్ళూ ఒకేలా పడవండి."

ఆయన తెర మీద గీతల్ని ఇంకోసారి చూశారు. "అంటే లోపం ట్రాకులో ఉంది" అన్నారు.

విద్యార్థుల్లో ఒకమ్మాయి అది రాసుకుంది.

ఆ తర్వాత పది రోజులకి ఆ కాలేజీకి తనిఖీ కమిటీ వచ్చింది. ప్రాజెక్టులన్నీ వరండాలో పెట్టారు. ఒక బల్ల మీద రొయ్యల మేత చల్లే యంత్రం, ఇంకో బల్ల మీద కొబ్బరి పీచు తీసే యంత్రం. నేను గ్రౌండులో, అక్కడ కూడా వేసిన సున్నపు గీతల దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం రెండు గంటలు, నెత్తి మాడుతోంది. కమిటీ వాళ్ళు భోజనాల దగ్గర ఆలస్యం చేశారు. ఒళ్ళు వేడెక్కేలా తయారై గంట సేపు అలా నిలబడేసరికి కాళ్ళు బిగుసుకుపోయాయి. వాళ్ళు గొడుగుల కింద వచ్చి నిలబడగానే ప్రొఫెసర్ గారు చెయ్యి ఊపారు. పరిగెత్తాను. టిక్, గీత. టిక్, గీత. సగం దూరం దాటాక కుడి తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను కూడా, నిజంగా ఎవరైనా కొట్టారేమోనని. ఇంకో మూడడుగులు కుంటి, గీతల మధ్యన పడిపోయాను.

కుడి తొడ. మూడు నెలలుగా ఎవరూ పేరెత్తని తొడ. ఎడమదానికి ఆదర్శంగా నిలబెట్టిన తొడ.

ప్రదర్శన అక్కడితో అయిపోయిందనుకుని కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, "సార్, రీడింగులు ఇంకా వస్తున్నాయండి" అన్నాడు. ప్రొఫెసర్ గారు పరిగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చారు, నీళ్ళు తాగించారు, తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇవన్నీ చేశారు. మధ్యలో ఒకసారి ఫోన్లో ఆ విద్యార్థితో, "చివరి మూడు అడుగులు తీసెయ్యి. అవి పరుగు కిందికి రావు" అని కూడా అన్నారు.

తొడ వెనక కండరం చిరిగిందన్నారు. మంచం మీద పడ్డాను. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక కారణంతో వచ్చారు. పేపర్లో పడ్డాక దిష్టి తగిలిందని పక్కింటావిడ. మా పాస్టరు గారు మంచం పక్కన కూర్చుని, బాధగా, "మనం ఎడమ కాలి గురించే ప్రార్థన చేశామమ్మా. కుడి కాలిని మర్చిపోయాం" అన్నారు. ప్రొఫెసర్ గారు నాన్నకి ఫోను చేసి, పాత తేడా తాలూకు శేషం ఒంట్లో మిగిలిపోవడం వల్ల ఇలా అయిందనీ, ఇంకో మూడు నెలలు చేసి ఉంటే అయ్యేది కాదనీ చెప్పారు. నాన్న నిలబడే మాట్లాడారు. "అలాగేనండి, అలాగేనండి" అన్నారు.

మాస్టారు మాత్రం ఏ కారణం తేలేదు. బత్తాయిలు తెచ్చారు. వెళ్ళబోతూ, "రాజమండ్రిలో ఒక ఫిజియో అమ్మాయి ఉందట. కబడ్డీ పిల్లల్ని బాగు చేసిందన్నారు. ఒకసారి చూపిస్తారా?" అని నాన్నని అడిగారు.

ఆ ఫిజియో గారికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నన్ను బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని, తన చేతికి ఎదురు నొక్కమంది. రెండు కాళ్ళూ చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు వేసింది.

"అంతకు ముందు వారానికి ఎన్ని రోజులు పరిగెత్తేవారు?"

"ఐదండి. ఆదివారం చర్చి. బుధవారం మాస్టారు వద్దనేవారు."

"ఈ మూడు నెలలు?"

"ఏడు."

"నిద్ర?"

"ఐదింటికి లేచి గీతల మీద పరిగెత్తాలి కదండి. తక్కువే."

"మరి ఈ నాలుగు వేళ్ళ తేడా సరిచేయమని ఎవరన్నారు?"

నాన్న గొంతు సవరించుకున్నారు. "ప్రొఫెసర్ గారు చెప్పారమ్మా. తేడా ఉంటే గాయం అవుతుందని."

"ఎవరి రెండు కాళ్ళూ ఒకేలా పనిచెయ్యవండి. బాగా పరిగెత్తేవాళ్ళలో కూడా తేడాలుంటాయి. ఈవిడ చిన్నప్పుడు చీలమండ మెలిపడితే, ఒళ్ళు తన ఏర్పాటు తను చేసుకుంది. ఏళ్ళ తరబడి దానికి అలవాటు పడ్డ కండరాల్ని మూడు నెలల్లో మార్చెయ్యమన్నారు, విశ్రాంతి కూడా ఇవ్వకుండా."

"అయితే ఆ తేడా వల్ల గాయం అవదంటారా?" అన్నారు నాన్న.

"అవుతుందని చెప్పలేను. అవదనీ చెప్పలేను. తెలీదండి. నొప్పి లేకపోతే నేనైతే దాని జోలికి వెళ్ళను. ముందు తొడకి బలం రావాలి."

తెలీదు అన్న మాట ఆ ఏడాదిలో నేను విన్నది అదే మొదటిసారి. నాకు హాయిగా ఉంది. నాన్నకి మాత్రం నచ్చలేదు. ఇంత దూరం వచ్చి తెలీదనిపించుకోవడం ఏంటని బస్‌స్టాండు దాకా సణుగుతూనే ఉన్నారు. డాక్టరేట్ లేదు కాబట్టి ఆ అమ్మాయికి తెలీదేమోనని ఆయన అనుమానం.

ఆవిడ చెప్పిన వ్యాయామాలు నెలల తరబడి చేశాను. కొన్ని వారాలు గడిచాక ఒకటి కొత్తగా చేర్చింది. నేను చాప మీద మోకాళ్ళ మీద నిలబడాలి. వెనక ఒకరు నా చీలమండలు గట్టిగా నేలకి అదిమి పట్టుకోవాలి. నేను నడుం వంచకుండా, మెల్లగా, ఆపుకుంటూ ముందుకి వాలాలి. అమ్మ పట్టుకుంటే ఆగేది కాదు. నాన్న ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పి వంకీకి తగిలించి, నా వెనక మోకాళ్ళ మీద కూర్చునేవారు. ఇద్దరం అలా మోకాళ్ళ మీద ఉండగా ఎవరైనా వస్తే కుటుంబ ప్రార్థన జరుగుతోందనుకుని గుమ్మంలోనే చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడేవారు. నేను ముందుకి వాలి అరచేతుల మీద పడగానే "ఆమెన్" అనేవారు. నాన్న మొదట్లో సర్దిచెప్పబోయేవారు. తర్వాత ఆయన కూడా "ఆమెన్" అనేసి, రెండోసారికి నా కాళ్ళు పట్టుకునేవారు.

ఆ సాయంకాలాలు గడుస్తుండగా ఒక రోజు పోస్టులో పత్రిక ఒకటి వచ్చింది. ప్రొఫెసర్ గారి పరిశోధనా వ్యాసం అందులో అచ్చయింది. నా పేరు లేదు, నేను "మొదటి క్రీడాకారిణి". రెండో క్రీడాకారిణి ఎవరూ లేరు. ఫొటోలో మోకాళ్ళ కింద నుంచి నా కాళ్ళు మాత్రం ఉన్నాయి. ఎర్ర గీత, నీలం గీత ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్ళీ మొదటికొచ్చారు.

"నువ్వు పడిపోయిన సంగతి ఏ పేజీలో ఉందమ్మా?" అన్నారు.

"లేదు నాన్నా."

ఆయన పత్రిక మూసి, ఫోను తీశారు. ఈసారి నిలబడలేదు.

"నమస్కారమండి. పత్రిక అందిందండి. చాలా బాగుందండి. ఒక్క చిన్న మాట. మా అమ్మాయి పడిపోయింది కదండి, అది ఇందులో లేదేంటండి?"

అవతల ఆయన ఏదో చెప్పారు. పరిధి అన్న మాట నాక్కూడా వినపడింది.

"అలాగాండి" అన్నారు నాన్న. "మరది ఎక్కడికి వస్తుందండి? ఎవరి పరిధిలోకి వస్తుందో చెప్తే వాళ్ళని అడుగుతానండి."

నాన్న ఎదురుచూశారు. గుమాస్తాకి ఎదురుచూడటం వచ్చు. చివరికి ప్రొఫెసర్ గారు మెల్లగా ఏదో అంటే, "సరేనండి, పరవాలేదండి" అని ఫోను పెట్టేశారు.

"ఏమన్నారు?"

"తప్పే అన్నాడు. పాపం, బాధపడుతున్నాడు" అన్నారు నాన్న. నాన్న ఆయన్ని ఏకవచనంలో అనడం నేను వినడం అదే మొదటిసారి. ఆ పత్రిక ఎవరికీ చూపించలేదు. అమ్మ దాన్ని పప్పు డబ్బాల కింద పరిచింది.

మరుసటి ఏడాది రెండు గోదావరి జిల్లాల కాలేజీ పిల్లలకీ కలిపి రామచంద్రపురంలో పోటీలు పెట్టారు. ఆరు నెలల ముందు నుంచీ మాస్టారూ, ఫిజియో గారూ ఫోన్లో మాట్లాడుకుని నా వారం ఖాయం చేసేవారు. ఏ రోజు పరుగు, ఏ రోజు బరువులు, ఏ రోజు ఏమీ లేదు. ఏమీ లేని రోజు ఏమీ చేయకుండా ఉండటమే నాకు అన్నిటికంటే కష్టమైంది. నా అడుగు మాట ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఒకసారి మాస్టారిని అడిగాను, ఇప్పుడు ఎలా పడుతున్నాయని. "నాకు ఈ మధ్య చెవి సరిగ్గా వినపడట్లేదమ్మా" అన్నారు. అది అబద్ధం.

ఆ పోటీలకి నాన్న సెలవు పెట్టి వచ్చారు. నేను పోటీలో పరిగెత్తడం ఆయన ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ ఆఫీసే. మాస్టారి పక్కన నిలబడి, ఎవరు ఎక్కణ్ణించి బయల్దేరతారు, బయటి గీత మీద పిల్ల ముందెందుకు నిలబడింది, అది అన్యాయం కాదా అని ప్రశ్నలు వేస్తున్నారని దూరం నుంచే తెలుస్తోంది. వంపులో నాకు భయమేసింది. కుడి తొడ ఇప్పుడు, ఇప్పుడు అంటున్నట్టే ఉంది. వంపు దాటి తిన్నని దారిలోకి వచ్చాక ఆ సంగతి మర్చిపోయాను. నాకు ముందు ఒక్క పిల్లే ఉంది, కాకినాడ అమ్మాయి. ఆమె వీపు దగ్గరవుతూ వచ్చింది గానీ గీత ముందే వచ్చేసింది. రెండో స్థానం. పాత టైముకి కొంచెం ఎక్కువ, అంతే.

నేను గడ్డి మీద పడుకుని ఊపిరి తీసుకుంటుంటే ఇద్దరూ వచ్చారు. నాన్న ముందు నా మొహం చూశారు, తర్వాత తొడ చూశారు.

"ఏమైనా లాగిందా?"

"లేదు నాన్నా."

ఆయన మాస్టారి వైపు తిరిగారు. "ఎలా పరిగెత్తిందండి?"

మాస్టారు స్టాప్‌వాచ్ జేబులో వేసుకున్నారు. "ఆ కాకినాడ పిల్ల రాకపోతే ఇంకా బాగా పరిగెత్తేదండి" అన్నారు.

నాన్న దాన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. రాజమండ్రి బస్సులో మండపేట దాటేదాకా ఆలోచించి, ఆ కాకినాడ పిల్లది డిగ్రీ ఏ సంవత్సరమో, వచ్చే ఏడాదికి అయిపోతుందో లేదో కనుక్కోమన్నారు.